సమాధి రాళ్ల ఫొటోలు: ఏ వేదికకు ఇవ్వాలి, ఎక్కడ వెతకాలి?

తెలుగు నిఘంటువు కర్త సి.పి. బ్రౌన్ 1884లో లండన్‌లో మరణించగా ఆయనను కెన్సల్ గ్రీన్ శ్మశానవాటికలో ఖననం చేశారు. ఈ సంగతి పుస్తకాల్లో సులువుగానే దొరుకుతుంది. కాని లండన్ వెళ్లిన తెలుగువారెవరైనా ఆ సమాధి దగ్గర నిలబడి ఒక నమస్కారం పెట్టాలనుకుంటే, 1833లో మొదలై నేటికీ ఖననాలు జరుగుతున్న ఆ విశాలమైన వాటికలో అది ఏ వరుసలో ఉందో, ఏ దారిన వెళ్లాలో పుస్తకం చెప్పదు. అది చెప్పగలిగేది అక్కడికి నడిచి వెళ్లి, రాయిని ఫొటో తీసి, స్థలం గుర్తుపెట్టి నలుగురికీ అందుబాటులో ఉంచిన మనిషి మాత్రమే. తమకు ఏ సంబంధమూ లేనివారి సమాధులను సెలవు రోజుల్లో ఇలా ఫొటో తీసి పెట్టే స్వచ్ఛంద సేవకులు ప్రపంచమంతటా ఉన్నారు. వారి పని వల్ల ముత్తాతల ఊరు కూడా తెలియని కుటుంబాలకు పేరు, తేదీ, కొన్నిసార్లు బంధుత్వం దొరుకుతున్నాయి.

మన ప్రాంతంలో ఈ పని చేయవలసిన చోట్లు తక్కువేమీ కాదు. సికింద్రాబాద్ కంటోన్మెంటు శ్మశానాలు, బందరులోని డచ్చివారి సమాధులు, గుత్తి కోట కింద ఉన్న దొరల సమాధులు, గుంటూరు, ఒంగోలు ప్రాంతాల క్రైస్తవ సంఘాల సమాధుల తోటలు అందుకు ఉదాహరణలు. ఫొటోలు తీయడానికి సిద్ధపడినవారికీ, పూర్వీకులను వెతకడానికి కూర్చున్నవారికీ ఎదురయ్యే మొదటి చిక్కు ఒకటే: ఇలాంటి ఫొటోలను భద్రపరిచే ఇన్ని ఆన్‌లైన్ వేదికల్లో దేన్ని నమ్ముకోవాలి?

## ముందుగా చూసుకోవలసిన విషయాలు

మొదటిది ఆధారం. ఒక వేదికలో నమోదు ఫొటోతో మొదలవుతుందా, లేక ఎవరో టైపు చేసిన పేరుతో మొదలై ఫొటో తర్వాత వస్తుందా అన్నది తప్పక గమనించాలి. పేరుతో మొదలైన నమోదు మరణ ప్రకటన నుంచి వచ్చి ఉండవచ్చు, వేరొకరి వంశవృక్షం నుంచి దిగుమతి అయి ఉండవచ్చు. రాయి కూడా అబద్ధం చెప్పగలదన్నది నిజమే. మనిషి పోయిన ఎన్నో ఏళ్లకు వేసిన రాయి మీద పుట్టిన సంవత్సరం అంచనాగా చెక్కినదే కావచ్చు. అయినా రాయి మీది తప్పు ఒకచోట కదలకుండా ఉంటుంది కనుక దాన్ని రిజిస్టరుతో పోల్చి సరిచూసుకోవచ్చు.

రెండోది స్థలం. మన నగరాల శ్మశానాల్లో చోటు కొరత వల్ల ఒకే కుటుంబం వారిని పాత సమాధిలోనే మళ్లీ ఖననం చేయడం, పాత పలక తీసి కొత్తది వేయడం మామూలే. అందుచేత నా దృష్టిలో మన దగ్గర పేరు కంటే స్థలానికే ఎక్కువ విలువ ఇవ్వాలి, ఎందుకంటే పేరు రిజిస్టరులోనో బంధువుల జ్ఞాపకంలోనో ఇంకా మిగిలి ఉండవచ్చు, రాయి ఉన్న చోటు మాత్రం అది తొలగిన రోజే పోతుంది.

మూడోది అధికారం, అంటే తప్పు కనిపిస్తే ఎవరు దిద్దాలి, కుటుంబం అడిగితే నమోదు వారి చేతికి వస్తుందా అన్న ప్రశ్న. నాలుగోది డబ్బు. ఉచితంగా ఇచ్చిన ఫొటోను చూడటానికి తర్వాత ఎవరైనా రుసుము కట్టవలసి వస్తుందా అన్నది ఇచ్చేవారు ముందే తెలుసుకోవాలి.

అయిదోది విదేశీ సలహా వ్యాసాల్లో కనిపించదు, మనకు మాత్రం అన్నిటికంటే ముఖ్యం. అది తెలుగు పేరు. ఈ వేదికలు పేరును మొదటి భాగం, చివరి భాగం అని రెండు గడులుగా విడదీస్తాయి, వెతుకులాట సాధారణంగా చివరి పేరు మీద నడుస్తుంది. మన సమాధుల మీద ఇంటిపేరు ముందు వస్తుంది, అది కూడా చాలాచోట్ల ఒక్క పొడి అక్షరమే: కె. దానియేలు, జి. సువార్తమ్మ. ఆ పేరుకు ముందు ‘కీ.శే.’, తర్వాత ‘గారు’, కింద ఫలానావారి భార్య అన్న మాట, ఆ కింద ‘ప్రభువునందు నిద్రించిన తేది’ ఉంటాయి. తెలుగు రానివారు దీన్ని ఎక్కిస్తే దానియేలే ఇంటిపేరుగా మారిపోతుంది. ఇంగ్లిషు అక్షరాల్లో అదే పేరుకు మూడు నాలుగు వర్ణక్రమాలు కూడా పుడతాయి. తెలుగు చదవగలిగిన సేవకుడు చేయగలిగిన అసలు మేలు ఇక్కడే ఉంది.

## ఫైండ్ ఎ గ్రేవ్

అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీకి చెందిన జిమ్ టిప్టన్ ప్రసిద్ధుల సమాధులను చూసే తన సరదా కోసం 1995లో మొదలుపెట్టిన వేదిక ఇది. కొన్నేళ్లకు సామాన్యుల సమాధులను కూడా చేర్చుకుంటూ పెరిగింది. 2013లో వంశచరిత్ర వ్యాపారంలో ఉన్న యాన్సెస్ట్రీ సంస్థ దీన్ని కొనుగోలు చేసింది. ఇప్పుడు ఇందులో 20 కోట్లకు పైగా నమోదులు ఉన్నాయి, చూడటం, చేర్చడం ఉచితం.

దీని బలం విస్తృతి. ఎక్కడో కూర్చున్న మనిషి ఫలానా సమాధి ఫొటో కావాలని అభ్యర్థన పెడితే, ఆ శ్మశానానికి దగ్గరలో ఉన్న సేవకులకు అది కనిపిస్తుంది, వీలున్నవారు వెళ్లి తీసి పెడతారు. ముత్తాత సికింద్రాబాద్‌లో సైనికుడిగా పోయాడని మాత్రమే తెలిసిన ఆస్ట్రేలియా కుటుంబానికీ, తాతమ్మ సమాధి గుంటూరులో ఉండగా తాము డల్లాస్‌లో స్థిరపడిన తెలుగు కుటుంబానికీ ఈ ఒక్క సౌకర్యమే చాలు. అయితే మన పట్టణాల్లో సేవకులు పలచగా ఉన్నందువల్ల అభ్యర్థన చాలాకాలం అలాగే పడి ఉండవచ్చు. ఆ లోటు తీర్చడానికి కొత్తవారు ఏ శిక్షణా పొందనక్కరలేదు, తమ ఊరి శ్మశానం పేరు మీద పెండింగులో ఉన్న అభ్యర్థనలు చూసి మొదలుపెట్టవచ్చు.

దీని బలహీనత కూడా ఆ విస్తృతి నుంచే వచ్చింది. నమోదు సృష్టించినవారే దానికి నిర్వాహకులవుతారు, మిగిలినవారు సవరణలు సూచించగలరు. నాలుగు తరాల లోపు దగ్గరి బంధువు అడిగితే నిర్వహణ అప్పగించాలన్న నియమం ఉంది. నమోదుల సంఖ్య పెంచుకోవాలన్న ఉబలాటంతో కొందరు దినపత్రికల మరణ ప్రకటనలను చూసి, కుటుంబం ఇంకా దుఃఖంలో ఉండగానే పేజీలు తెరిచిన సందర్భాలు విమర్శకు గురయ్యాయి, ఆ విమర్శ న్యాయమైనదే. ఈ వేదికలో ఫొటో లేని పేజీని నేనైతే ఆధారంగా లెక్కించను, వెతకడానికి ఒక దారి చూపే సూచనగా మాత్రమే తీసుకుంటాను.

ఒక సౌకర్యాన్ని మాత్రం ప్రత్యేకంగా మెచ్చుకోవాలి. దేహం ఒకచోట, స్మారకం మరొకచోట ఉంటే ఆ భేదాన్ని నమోదులో చూపవచ్చు. మద్రాసు గవర్నరు థామస్ మన్రో 1827లో పత్తికొండలో కలరాతో మరణించగా మొదట గుత్తిలో ఖననం చేశారు. తర్వాత 1831లో ఆయన అవశేషాలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తరలించారు. గుత్తిలో తీసిన ఫొటోను ఈ వివరం లేకుండా పెడితే చూసేవారు తప్పుదారి పడతారు. దహనం చేసినవారికి కూడా ఇక్కడ నమోదు తెరవవచ్చు కనుక విదేశాల్లోని తెలుగు హిందూ కుటుంబాలకు కూడా ఇది కొంత పనికివస్తుంది.

## బిలియన్‌గ్రేవ్స్

ఇది 2011లో, స్మార్ట్‌ఫోన్లు చేతికొచ్చాక పుట్టిన వేదిక కావడం దాని పనితీరులోనే కనిపిస్తుంది. యాప్ తెరిచి రాయిని ఫొటో తీస్తే జీపీఎస్ స్థానం దానంతటదే జతపడుతుంది. శ్మశానంలో టైపు చేయవలసింది ఏమీ లేదు, ఇంటికి వచ్చాక ఫొటోలు ఎక్కించవచ్చు, అక్షరాలను తర్వాత ఎవరైనా చదివి రాస్తారు. ఒక సమాధి కోసం కాకుండా తోట మొత్తాన్ని వరుసగా తీయదలచినవారికి ఇంతకంటే వేగమైన పద్ధతి లేదు. నమోదు ఫొటోతో మొదలవుతుంది కనుక ఆధారం విషయంలో ఫైండ్ ఎ గ్రేవ్ కంటే దీన్ని ఒక మెట్టు పైన ఉంచవచ్చు.

స్థలం విషయంలో ఒక హెచ్చరిక అవసరం. ఫోను జీపీఎస్ ఖచ్చితత్వం ఆరుబయట సుమారు 5 మీటర్లు, చెట్ల కింద, గోడల పక్కన ఇంకా తగ్గుతుంది. సమాధులు ఒకదానికొకటి ఆనుకుని ఉన్న మన శ్మశానాల్లో ఆ 5 మీటర్ల పరిధిలో పది పదిహేను రాళ్లు ఉండవచ్చు. కాబట్టి ప్రతి వరుస మొదట్లోనూ చివరా ఒక దూరపు ఫొటో, గేటునో పెద్ద చెట్టునో ప్రార్థనా మందిరాన్నో కలుపుకొని, తీసి ఉంచుకోవాలి.

అక్షరాలు తర్వాత ఎవరైనా చదివి రాస్తారన్న ఏర్పాటు ఇంగ్లిషు రాళ్లకు వరం, తెలుగు రాళ్లకు చిక్కు. తెలుగు వచ్చినవారి కంట పడేదాకా ఆ ఫొటో పేరు లేకుండానే ఉండిపోతుంది, పేరు లేని ఫొటో వెతుకులాటకు దొరకదు. అందువల్ల తెలుగు రాళ్లను ఇక్కడ పెట్టేవారు వాటిని చదివి ఎక్కించే పని కూడా తామే పూర్తిచేయాలి, లేకపోతే శ్రమలో సగం వృథా అయినట్టే. మామూలు వెతుకులాట ఉచితమైనా, కొన్ని అదనపు సౌకర్యాలకు చందా ఉంది. అది అందరికీ సమ్మతం కాకపోవచ్చు.

వెతికేవారికి ఒక ఉపాయం ఉంది. ఈ రెండు వేదికల సూచికలు ఫ్యామిలీసెర్చ్ అనే వంశచరిత్ర వెబ్‌సైటులో కూడా ఉన్నాయి. అక్కడ ఉచిత ఖాతా తెరిస్తే ఒకేచోట రెండింటిలోనూ పేరు వెతకవచ్చు.

## బ్రిటిషు కాలపు సమాధులకు: ఫిబిస్, బక్సా

బ్రిటిషు ఇండియాలో బతికి పోయినవారి వారసులు 1998లో స్థాపించుకున్న సంఘం ఫిబిస్. దక్షిణాసియాలోని పాత ఐరోపా శ్మశానాల కోసం 1976లో థియన్ విల్కిన్సన్ స్థాపించిన సంఘం బక్సా. రెండూ బ్రిటన్ కేంద్రంగా పనిచేస్తాయి, రెండూ స్వచ్ఛంద సేవకుల శ్రమ మీదే నడుస్తాయి. ఫిబిస్ సమాచారనిధిలో వెతకడానికి డబ్బు కట్టనక్కరలేదు. బక్సా సేకరించిన శ్మశానాల ఫైళ్లు బ్రిటిష్ లైబ్రరీలో భద్రంగా ఉన్నాయి, శిథిలమవుతున్న వాటికల మరమ్మతుకు ఆ సంఘం చిన్న మొత్తాలు కూడా ఇస్తుంది.

సికింద్రాబాద్, విశాఖపట్నం, బందరు, గుత్తి వంటి చోట్ల ఇంగ్లిషు రాళ్లు తీసేవారికి నా సలహా ఏమిటంటే, పెద్ద వేదికల్లో పెట్టినా పెట్టకపోయినా వీరికి మాత్రం తప్పక తెలియజేయండి. ఆ రాయి కోసం వెతికే మనిషి ఇక్కడికి వచ్చే అవకాశం ఎక్కువ, వచ్చిన ఫొటోను పాత రికార్డుతో పోల్చి చూడగలిగినవారు కూడా ఇక్కడే ఉన్నారు. ఆ పోలికకు ఆధారాలు గట్టివి. మద్రాసు ప్రెసిడెన్సీ సమాధుల మీది రాతలను జూలియన్ జేమ్స్ కాటన్ 1905లోనూ, నిజాం రాజ్యంలోని వాటిని క్రాఫ్టన్ 1941లోనూ జాబితాలుగా ప్రచురించారు. బందరు, పులికాట్ వంటి చోట్ల ఉన్న డచ్చి రాళ్లను అలెగ్జాండర్ రే 1897లోనే బొమ్మలతో సహా నమోదు చేశారు. చర్చిలు పంపిన ఖనన వివరాల నకళ్లు బ్రిటిష్ లైబ్రరీలో ఎన్-2 వరుస కింద ఉన్నాయి, వాటి డిజిటల్ ప్రతులను ఫైండ్‌మైపాస్ట్ వేదికలో చందా కట్టి చూడవచ్చు. నూరేళ్ల కిందటి జాబితాలో పూర్తిగా ఉన్న వాక్యంలో ఈరోజు సగమే కనిపిస్తే, మీరు తీసిన ఫొటో ఆ రాయి ఎంత అరిగిందో చెప్పే సాక్ష్యం కూడా అవుతుంది.

భారతీయ క్రైస్తవ కుటుంబాల సమాధులకు మాత్రం ఈ రెండు సంఘాలూ సరైన చోటు కాదు. వాటి పరిధి వేరు.

## యుద్ధ సమాధులకు

ఇక్కడ తర్జనభర్జన అవసరం లేదు. 1917లో ఏర్పడిన కామన్‌వెల్త్ యుద్ధ సమాధుల సంస్థ, 1914 ఆగస్టు 4 నుంచి 1921 ఆగస్టు 31 వరకు, 1939 సెప్టెంబరు 3 నుంచి 1947 డిసెంబరు 31 వరకు మరణించిన సైనికుల వివరాలను ఉచితంగా చూపిస్తుంది. ఆ సమాధుల ఫొటోలను సేకరించే వార్ గ్రేవ్స్ ఫొటోగ్రాఫిక్ ప్రాజెక్టు అనే స్వచ్ఛంద ప్రయత్నం వేరే ఉంది, నకలు కావాలంటే చిన్న విరాళం ఇవ్వాలి. చక్కగా నిర్వహిస్తున్న ఈ వాటికల్లో మళ్లీ ఫొటోలు తీయడం కంటే ఆ సమయాన్ని గడ్డి కమ్మేసిన పాత తోటకు ఇవ్వడం మేలు.

దక్షిణాదిలో వెతికేవారు గుర్తుంచుకోవలసిన మెలిక ఒకటుంది. శాశ్వతంగా సంరక్షించలేమనుకున్న శ్మశానాల నుంచి రెండో ప్రపంచయుద్ధపు సమాధులను మద్రాసులోని నందంబాకం యుద్ధ శ్మశానానికి తరలించారు. మొదటి యుద్ధంలో పోయి దేశంలోని వివిధ పౌర, కంటోన్మెంటు శ్మశానాల్లో ఉండిపోయిన వెయ్యిమందికి పైగా సైనికుల పేర్లను అక్కడి స్మారకం మీద చెక్కారు. కాబట్టి పేరు నందంబాకంలో కనిపించినంత మాత్రాన మనిషి అక్కడ ఉన్నట్టు కాదు.

## దక్షిణాఫ్రికా తెలుగు కుటుంబాలకు

1860లో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ కూలీలతో డర్బన్ చేరింది. ఆ తర్వాతి దశాబ్దాల్లో తెలుగు జిల్లాల నుంచి కూడా ఎందరో నటాల్ చెరకు తోటలకు వెళ్లారు. వారి వారసులకు ఉపయోగపడేది దక్షిణాఫ్రికా వంశచరిత్ర సంఘపు ఆన్‌లైన్ శాఖ నడిపే ఇ-జీజీఎస్ఏ సమాధి ఫొటోల భాండాగారం. ఆ దేశానికే పరిమితమైనది కనుక స్థానిక శ్మశానాల పేర్లు, ఊళ్ల పాత పేర్లు ఇందులో సరిగా ఉంటాయి. అక్కడ వెతికేవారు పెద్ద వేదికలకు వెళ్లకముందే దీన్ని చూడటం మంచిది.

## సొంత భాండాగారం

చాలామంది పక్కన పెట్టేసే ఈ మార్గాన్ని మన సంఘాల సమాధుల తోటల విషయంలో నేను ముందు వరుసలో ఉంచుతాను. ఊరి తోటలోని రాళ్లన్నిటినీ తీసి, వరుస సంఖ్య, రాయి సంఖ్యలతో ఫైళ్లకు పేర్లు పెట్టి, రాతను తెలుగులో ఉన్నది ఉన్నట్టు ఒక పట్టికలోకి ఎక్కించి, ఒక ప్రతి సంఘ పాస్టరు గారికి, మరొకటి ఆసక్తి ఉన్న కుటుంబాలకు ఇవ్వవచ్చు. సంఘంలోని బాప్తిస్మ, వివాహ, మరణ రిజిస్టర్లతో సరిచూస్తే పొడి అక్షరం వెనుక ఉన్న పూర్తి ఇంటిపేరు కూడా దొరుకుతుంది. ఏ విదేశీ వేదికా ఈ పని చేసిపెట్టలేదు. దీని లోపం స్పష్టమే: ఊరితో సంబంధం తెగిపోయినవారికి ఇలాంటి పట్టిక ఉందన్న సంగతే తెలియదు. హార్డ్‌డిస్కు పాడైతే అంతా పోతుంది కాబట్టి రెండు చోట్ల నకళ్లు ఉంచాలి.

| చూడవలసినది | ఫైండ్ ఎ గ్రేవ్ | బిలియన్‌గ్రేవ్స్ | ఫిబిస్, బక్సా | సొంత భాండాగారం |
|---|---|---|---|---|
| నమోదుకు మూలం | పేరు; ఫొటో తర్వాత రావచ్చు | ఫొటో | పాత రికార్డులు, జాబితాలు, ఫొటోలు | ఫొటో, సంఘ రిజిస్టరు |
| స్థలం | ఐచ్ఛికం | దానంతటదే జతపడుతుంది | శ్మశానం వరకు | మీరు రాసుకున్నంత |
| ఖర్చు | ఉచితం | ఉచితం. అదనపు సౌకర్యాలకు చందా | వెతకడం ఉచితం. సభ్యత్వానికి చందా | నిల్వ ఖర్చు మాత్రమే |
| తెలుగు రాతకు | నమోదు చేసేవారి మీద ఆధారం | మీరే చదివి రాయాలి | పరిధి వేరు | అన్నిటికంటే అనువు |
| దూరాన ఉన్నవారికి చేరువ | చాలా ఎక్కువ | ఎక్కువ | బ్రిటిషు వారసులకు ఎక్కువ | తక్కువ |

## ఎవరికి ఏది

నెలకు ఒక పూట మాత్రమే ఇవ్వగలిగినవారు ఫైండ్ ఎ గ్రేవ్ అభ్యర్థనలు తీర్చడం మంచిది, ఎందుకంటే ప్రతి ఫొటో వెనుక దాని కోసం ఎదురుచూస్తున్న మనిషి నిజంగా ఉంటాడు. కళాశాల విద్యార్థుల బృందంతో ఒక తోట మొత్తం పూర్తిచేయాలనుకునేవారికి బిలియన్‌గ్రేవ్స్ సరిపోతుంది. అయితే బృందంలో సగం మంది ఫొటోలు తీస్తే మిగిలిన సగం రాతలు ఎక్కించడానికి కూర్చోవాలి. ఆ తోటలో తెలుగు రాళ్లే ఎక్కువైతే సొంత పట్టిక ముందు తయారుచేసి, తర్వాత అందులోంచి పెద్ద వేదికకు పంపడం మేలు. పట్టిక ముందు ఉంటే ఏ వేదిక నియమాలు మార్చుకున్నా, మూతపడినా మీ పని మీ దగ్గరే ఉంటుంది. రోడ్డు విస్తరణకో కొత్త కట్టడానికో దగ్గరపడిన పాత శ్మశానమైతే వేదిక గురించి ఆలోచిస్తూ కూర్చోకుండా ముందు అన్నిటినీ ఫొటో తీసేయాలి.

వెతికేవారి సంగతి వేరు. దహన సంస్కారం ఆచారంగా ఉన్న కుటుంబాలకు ఈ వేదికల్లో పూర్వీకులు దొరికే అవకాశం తక్కువ. వారికి గయ, హరిద్వార్ వంటి క్షేత్రాల్లో పండాలు, అంటే తీర్థ పురోహితులు, తరతరాలుగా రాసిపెట్టే వహీలే (వంశావళి పుస్తకాలే) మేలైన దారి. క్రైస్తవ కుటుంబాలు వెతికేటప్పుడు ఇంటిపేరుతో ఒకసారి, బాప్తిస్మపు పేరునే ఇంటిపేరుగా భావించి మరోసారి, రెండు మూడు వర్ణక్రమాలతో ప్రయత్నించాలి.

## తీసేటప్పుడు

ఏ వేదికను ఎంచుకున్నా సంఘ పెద్దల అనుమతి ముందుగా తీసుకోవాలి, పురావస్తు శాఖ రక్షణలో ఉన్న బందరు డచ్చి సమాధుల వంటి చోట ట్రైపాడ్ వాడాలంటే అనుమతి అడగాలి. రాత స్పష్టంగా రావడానికి సుద్ద రుద్దడం, షేవింగు క్రీము పూయడం, ఇనుప బ్రష్షుతో గీకడం రాయిని పాడుచేస్తాయి. వాటి బదులు ఉదయం గానీ సాయంత్రం గానీ ఎండ పక్కనుంచి పడే వేళ చూసుకోవాలి, లేకపోతే చిన్న అద్దంతో వెలుగును రాయి మీదికి ఏటవాలుగా మళ్లించాలి. నవంబరు 2న సమాధుల పండుగకు కుటుంబాలు సమాధులు కడిగి, సున్నం వేసి, పూలు పెడతాయి. ఆ రోజు కెమెరాతో వెళ్లడం మర్యాద కాదు, మరుసటి వారం వెళితే గడ్డి తీసేసిన తోట దొరుకుతుంది. అయితే సున్నం పూత చెక్కిన అక్షరాలను కప్పేసి ఉండే అవకాశం కూడా ఉంది కనుక, పండుగకు ముందు ఒక విడత తీసిపెట్టుకోవడం క్షేమం.

భార్యాభర్తలకు కలిపి వేసిన రాళ్ల మీద బతికున్నవారి పేరు, పుట్టిన తేదీ ఉంటే ఆ భాగాన్ని బయట పెట్టకూడదు. ఫొటోలను ఒకరికొకరు వాట్సాప్‌లో మామూలుగా పంపుకుంటే స్థానం వివరాలు తొలగిపోతాయి, నాణ్యత తగ్గుతుంది. డాక్యుమెంటు రూపంలో పంపితే రెండూ నిలుస్తాయి.